పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ లేవకపోతే, తెర నల్లబడితే ఏం చేయాలి

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది. 2010–2014 మధ్య కొన్న ల్యాప్‌టాప్‌లు విండోస్ 11 అర్హతల జాబితాలో లేవు. బాగా పనిచేస్తున్న మెషీన్‌ని పారేయడానికి ఎవరికీ మనసొప్పదు కాబట్టి, వాటిలో లైనక్స్ మింట్ వేసుకునేవాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. నాలుగు జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ ఉంటే మింట్‌లో తేలికపాటి రకమైన ఎక్స్ఎఫ్‌సీఈ బాగానే నడుస్తుంది. చిక్కంతా రెండు చోట్ల వస్తుంది. ఒకటి, ఆన్ చేస్తే సిస్టమ్ లేవదు. రెండు, లేచినా తెర మీద ఏమీ కనపడదు.

అలా జరగగానే పెన్‌డ్రైవ్ పెట్టి మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయబోతారు. ఆగండి. అదే గ్రాఫిక్స్ కార్డు, అదే డ్రైవరు, అదే బయోస్ (ఆన్ చేయగానే మెషీన్‌ని లేపే లోపలి ప్రోగ్రామ్) అయినప్పుడు ఇన్‌స్టాల్ అయ్యాక వచ్చేది కూడా అదే నల్ల తెర. పైగా లోపలున్న ఫోటోలు, ఫైళ్లు పోతాయి. బూట్ ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో చూస్తే, చేయాల్సిన పని చాలాసార్లు ఒక్క వరుస మార్చడమే.

ఇక్కడ చెప్పేవి మింట్ 22ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. దాని పునాది ఉబుంటు 24.04 కాబట్టి ఉబుంటులోనూ దాదాపు ఇలాగే ఉంటుంది. కమాండ్లను పలికే తీరులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాలే వాడాలి. స్పెల్లింగ్ చప్పున తట్టని చోట అక్షరాలు విడివిడిగా ఇచ్చాను.

ముందు, ఎక్కడ ఆగిందో చూడండి

ఆన్ బటన్ నొక్కాక వరుసగా జరిగేవి ఇవి: కంపెనీ లోగో, తర్వాత గ్రబ్ మెనూ (ఏ సిస్టమ్‌ని లేపాలో ఎంచుకునే జాబితా; మామూలుగా కనపడదు, కనురెప్పపాటులో దాటిపోతుంది), తర్వాత మింట్ లోగో, ఆపైన లాగిన్ తెర, చివరికి డెస్క్‌టాప్.

కంపెనీ లోగో దగ్గరే గీతలు, చుక్కలు, రంగుల మరకలు కనిపిస్తే లైనక్స్‌ని అనుమానించకండి. అప్పటికి అది మొదలే కాలేదు. తెర కేబుల్‌కో, గ్రాఫిక్స్ చిప్‌కో దెబ్బ తగిలింది. ఒక టీవీనో మానిటర్‌నో తగిలించి చూడండి. అక్కడ బొమ్మ శుభ్రంగా వస్తే తప్పు తెరదో కేబుల్‌దో. అక్కడా గీతలే వస్తే చిప్ పని అయిపోవచ్చిందని అనుకోవచ్చు.

లోగో తర్వాత తెర నల్లబడితే క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుంటే సిస్టమ్ బతికే ఉంది, బొమ్మ మాత్రమే రావడం లేదు. లైటు కదలకపోతే మొత్తం బిగుసుకుపోయినట్టు.

ఇంకో పరీక్ష ఉంది. గదిలో లైటు తీసేసి, ఫోన్ టార్చ్‌ని తెరకి దగ్గరగా ఏటవాలుగా పట్టుకుని చూడండి. మసక మసగ్గా లాగిన్ తెర కనిపిస్తోందా? అయితే డ్రైవర్ బాగానే ఉంది, వెనక వెలుగు రావడం లేదంతే. దీని మందు వేరు, తర్వాత చెబుతాను.

గ్రబ్ మెనూని పట్టుకోవడం

నల్ల తెరకి మొదటి మందు ఇక్కడే ఉంది. కొంచెం ఓపిగ్గా చేయండి.

1. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయండి. పాత బయోస్ పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసి ఉంటే కంపెనీ లోగో కనిపించగానే షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఏర్పాటు) పద్ధతి అయితే లోగో పోతుండగా ఎస్కేప్ ఒక్కసారి తట్టాలి. టెన్షన్‌లో టకటకా కొట్టారంటే మెనూ దాటిపోయి ఖాళీ గ్రబ్ ప్రాంప్ట్‌లో పడతారు. పడితే భయం లేదు, 'నార్మల్' అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఎస్కేప్ ఒకసారి నొక్కితే మెనూ వస్తుంది.

2. మొదటి వరుస మీద ఉండగా ఇంగ్లీషు 'ఈ' అక్షరం నొక్కండి. ఎడిట్ చేసుకునే తెర తెరుచుకుంటుంది.

3. 'లైనక్స్' అనే మాటతో మొదలయ్యే పొడుగాటి వరుసని వెతకండి. దాని చివర 'క్వైట్ స్ప్లాష్' అని ఉంటుంది. ఆ రెండు మాటలూ చెరిపేసి వాటి చోట నోమోడ్‌సెట్ అని రాయండి. అక్షరాలు: ఎన్, ఓ, ఎమ్, ఓ, డి, ఈ, ఎస్, ఈ, టి. మధ్యలో ఖాళీ ఉండకూడదు.

4. ఎఫ్10 గానీ, కంట్రోల్‌తో పాటు ఎక్స్ గానీ నొక్కండి.

ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది. తప్పు రాసినా రీస్టార్ట్ చేస్తే పోతుంది కాబట్టి ధైర్యంగా చేయవచ్చు. 'క్వైట్ స్ప్లాష్' తీసేయడం వల్ల ఇంకో లాభం ఉంది. లోగో బదులు వరుసలు వరుసలుగా అక్షరాలు పరుగెడతాయి. ఆగిపోతే ఆఖరి వరుసల్ని ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

నోమోడ్‌సెట్ చేసేదేమిటంటే, ఇంటెల్, ఏఎమ్‌డీ, ఎన్విడియా కార్డుల అసలు డ్రైవర్లను కర్నెల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) మొదలుపెట్టకుండా ఆపుతుంది. బయోస్ ఇచ్చిన సాదా బొమ్మతోనే డెస్క్‌టాప్ వస్తుంది. దీనితో డెస్క్‌టాప్ వచ్చిందంటే దోషి గ్రాఫిక్స్ డ్రైవరేనని దాదాపు తేలిపోయినట్టే. కానీ ఇలాగే వాడుకుందామనుకోకండి. బొమ్మ గీయడం మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది, వీడియో చూస్తే ఫ్యాను హోరెత్తుతుంది, తెర వెలుగు తగ్గించే కీలు పనిచేయవు. సినమన్ డెస్క్‌టాప్ అయితే సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌లో నడుస్తోందని హెచ్చరిక కూడా చూపిస్తుంది. లోపలికి వెళ్లి రిపేరు చేసుకోవడానికి ఇది దారి, అంతవరకే.

మింట్ పెన్‌డ్రైవే నల్ల తెర చూపిస్తుంటే దాని మెనూలో 'కంపాటిబిలిటీ మోడ్' అనే వరుస ఎంచుకోండి. అందులో జరిగేదీ ఇదే.

నిన్నటిదాకా బాగుండి, అప్‌డేట్ తర్వాత నల్లబడిందా? అప్పుడు నోమోడ్‌సెట్ కన్నా ముందు గ్రబ్‌లో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లోకి వెళ్లి, కిందనున్న పాత కర్నెల్ ఎంచుకోండి. దానితో లేస్తే కొత్త కర్నెల్‌కీ మీ డ్రైవర్‌కీ పొసగడం లేదన్నమాట. అప్‌డేట్ మేనేజర్‌లో 'వ్యూ' కింద 'లైనక్స్ కర్నెల్స్' ఉంటుంది. అక్కడ కొత్తదాన్ని తీసేసి, కొన్నాళ్లు పాతదానితోనే నడపండి.

మీ కార్డు ఏది?

లోపలికి వచ్చాక టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరిచి ఎల్, ఎస్, పి, సి, ఐ అని ఐదక్షరాలూ కలిపి రాసి, ఖాళీ ఇచ్చి, అడ్డగీత, కె కొట్టండి. వచ్చిన జాబితాలో 'వీజీఏ' అనో 'త్రీడీ కంట్రోలర్' అనో ఉన్న వరుసలు చూడండి. రెండు వరుసలుంటే మీది రెండు కార్డుల ల్యాప్‌టాప్. 'కర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న చోట ఏ డ్రైవర్ నడుస్తోందో రాసి ఉంటుంది. నోమోడ్‌సెట్‌తో వచ్చినప్పుడు ఆ వరుస ఖాళీగా ఉండటం మామూలే.

ఇంటెల్ ఒక్కటే ఉంటే అదృష్టవంతులు. దాని డ్రైవర్ ఐ915 కర్నెల్‌లోనే ఉంటుంది, విడిగా ఏమీ వేయక్కర్లేదు. 2013 తర్వాతి మెషీన్లలో తెర రెపరెపలాడుతుంటే, ముందు చెప్పిన గ్రబ్ వరుస చివర 'ఐ915.ఎనేబుల్_పీఎస్ఆర్=0' చేర్చి చూడండి. ప్యానెల్ తనంతట తానే పాత బొమ్మ చూపిస్తూ కరెంటు ఆదా చేసే ఏర్పాటుని అది ఆపేస్తుంది. ఒక్క మినహాయింపు: ఆటమ్ ఎన్2600 లాంటి ప్రాసెసర్లున్న చిన్న నెట్‌బుక్‌లు. వాటిలో పేరుకి ఇంటెలే గానీ గ్రాఫిక్స్ పవర్‌వీఆర్ వాళ్లది. త్రీడీ వేగం రాదు. దాని కోసం రాత్రుళ్లు కూర్చోకండి.

ఏఎమ్‌డీ పాత కార్డులకి 'రేడియాన్' డ్రైవర్ కూడా కర్నెల్‌తోనే వస్తుంది. కంపెనీ సైట్ నుంచి ఏదీ దించుకోకండి. పాతవాటి కోసం అక్కడున్నవి ఇప్పటి కర్నెల్‌తో కలవవు.

ఎన్విడియా ఉంటే

పాత ల్యాప్‌టాప్‌ల తలనొప్పుల్లో పెద్ద వాటా దీనిదే. ఎన్విడియా తన సొంత డ్రైవర్లను తరాలుగా విడదీసి, ఒక్కో తరానికీ సపోర్టు ఆపేస్తూ వచ్చింది. జీఫోర్స్ 8, 9, 200, 300 వరుసల కార్డులకు 340 డ్రైవర్, దానికి 2019 చివరితో సరి. ఫెర్మీ తరం, అంటే 400, 500 వరుసలకు 390 డ్రైవర్, అది 2022తో ఆగింది. కెప్లర్ తరానికి 470, అదీ 2024తో ముగిసింది. కార్డు మీది నంబరు చూసి మోసపోకండి. 610ఎమ్, 710ఎమ్, 820ఎమ్ వినడానికి కొత్తవిగా ఉన్నా లోపల ఫెర్మీయే. 740ఎమ్ మాత్రం కెప్లర్.

ఈ డ్రైవర్లు కర్నెల్ మారిన ప్రతిసారీ మీ మెషీన్‌లోనే మళ్లీ కంపైల్ కావాలి, అంటే కోడ్ నుంచి కొత్తగా తయారు కావాలి. పాత డ్రైవర్‌కి కొత్త కర్నెల్ అర్థం కాకపోతే ఆ కంపైల్ మధ్యలో ఆగిపోతుంది, తర్వాతి బూట్‌లో నల్ల తెర వస్తుంది. కాబట్టి నా సలహా ఇది: ఫెర్మీ, అంతకంటే పాతవాటికి ఎన్విడియా సొంత డ్రైవర్ ఆశ వదులుకోండి. మింట్ 22లోని డ్రైవర్ మేనేజర్ వాటిని చూపించకపోతే వెతుక్కుంటూ వెళ్లకండి. లైనక్స్‌తో వచ్చే నూవో డ్రైవర్ చాలు. ఆటలకి కాదు గానీ, బ్రౌజరుకీ వీడియోకీ సరిపోతుంది. కెప్లర్ అయితే డ్రైవర్ మేనేజర్‌లో 470 కనిపిస్తే వేసుకుని చూడండి, టైమ్‌షిఫ్ట్ (సిస్టమ్‌ని పాత స్థితికి తిప్పే ప్రోగ్రామ్) స్నాప్‌షాట్ తీశాకే.

ఇప్పటికే ఎన్విడియా డ్రైవర్ వేసి ఇరుక్కుపోయి ఉంటే, నోమోడ్‌సెట్‌తో లోపలికి వచ్చి డ్రైవర్ మేనేజర్‌లో నూవో ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. డెస్క్‌టాప్ కూడా రాకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో వీటితో పాటు ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాలి. అక్షరాల తెర వస్తుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి ఇది కొట్టండి:

సుడో ఆప్ట్ పర్జ్ 'ఎన్విడియా-*'

నక్షత్రం గుర్తు, ఒంటి కోట్స్ తప్పకుండా ఉండాలి. అయ్యాక ఈటీసీ ఫోల్డర్‌లోని ఎక్స్11 (ఇక్కడ పెద్ద ఎక్స్) ఫోల్డర్‌లో 'ఎక్స్ఆర్గ్.కాన్ఫ్' అనే ఫైలు మిగిలిపోయిందేమో చూసి, ఉంటే పేరు మార్చండి. పోయిన డ్రైవర్‌ని వెతుక్కుంటూ డెస్క్‌టాప్ లేవకుండా ఆపేది ఈ ఫైలే.

ఇంటెల్, ఎన్విడియా రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇంకో మేలైన దారి ఉంది. అసలు ఎన్విడియాని లేపకుండా ఇంటెల్‌తో నడిపించడం. గ్రబ్ వరుసలో నోమోడ్‌సెట్ బదులు 'నూవో.మోడ్‌సెట్=0' అని రాయండి. నూవో స్పెల్లింగ్: ఎన్, ఓ, యు, వి, ఈ, ఏ, యు. దీనితో ఎన్విడియా డ్రైవర్ ఒక్కటే ఆగుతుంది, ఇంటెల్ పూర్తి వేగంతో పనిచేస్తుంది. చిన్న నష్టమేమిటంటే, డ్రైవర్ లేని కార్డుని నిద్రపుచ్చేవాళ్లు ఉండరు. అది ఊరికే కరెంటు తింటూ వేడెక్కవచ్చు. బయోస్‌లో రెండో కార్డుని ఆపే సెట్టింగ్ ఉంటే అదే అన్నిటికన్నా మంచిది.

పనిచేసిన మార్పుని శాశ్వతం చేయడం ఇలా. టెర్మినల్‌లో 'సుడో నానో /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్' కొట్టండి. తెరుచుకున్న ఫైల్లో పెద్దక్షరాల్లో గ్రబ్, సీఎమ్‌డీలైన్, లైనక్స్, డిఫాల్ట్ అనే నాలుగు మాటలు కలిసి ఉన్న వరుస ఉంటుంది. డిఫాల్ట్ లేని ఇంకో వరుస కూడా దాని కిందే ఉంటుంది, అది కాదు. కోట్స్ లోపల, 'స్ప్లాష్' తర్వాత ఖాళీ ఇచ్చి మీ మాట చేర్చండి. కంట్రోల్-ఓ, ఎంటర్, కంట్రోల్-ఎక్స్. ఆఖర్న:

సుడో అప్‌డేట్-గ్రబ్

ఇది మర్చిపోతే మార్పు అమల్లోకి రాదు.

టార్చ్ వేస్తే బొమ్మ కనిపించిన వాళ్లకి ఇదే చోట 'ఏసీపీఐ_బ్యాక్‌లైట్=వెండర్' పనికొస్తుంది. అది పనిచేయకపోతే 'వెండర్' చోట 'నేటివ్', తర్వాత 'వీడియో' పెట్టి చూడండి. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. మూడూ ఒకేసారి పెడితే ఏది పనిచేసిందో తెలియదు. మూడింటికీ లొంగకపోతే తెర వెనక దీపమో దాని కేబులో పోయినట్టే.

పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ లాగిన్ తెరే వస్తుంటే

పాస్‌వర్డ్ తప్పని చెప్పదు, ఒక్క క్షణం నల్లబడి మళ్లీ అక్కడికే తెస్తుంది. గ్రాఫిక్స్ కార్డుకి దీనితో చాలాసార్లు సంబంధమే ఉండదు. డిస్కు నిండిపోయి ఉంటుంది. కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3తో అక్షరాల తెరలోకి వెళ్లి 'డీఎఫ్ -హెచ్' కొట్టి, ఒంటి ఏటవాలు గీత ఉన్న వరుస చూడండి. 100 శాతం కనిపిస్తే 'సుడో ఆప్ట్ క్లీన్' చేసి, 'సుడో టైమ్‌షిఫ్ట్ --డిలీట్'తో పాత స్నాప్‌షాట్లు ఒకటో రెండో తీసేయండి. 120 జీబీ ఎస్ఎస్‌డీలు నిండటానికి ఈ స్నాప్‌షాట్లే ముఖ్య కారణం.

డిస్కులో చోటుంటే, మీ హోమ్ ఫోల్డర్‌లో '.ఎక్సాథారిటీ' అనే దాచిన ఫైలు రూట్ (సర్వాధికారాలున్న యూజర్) పేరు మీదకి వెళ్లిపోయి ఉండవచ్చు. కిటికీలున్న ప్రోగ్రాములను సుడోతో నడిపినప్పుడు ఇలా అవుతుంది. 'ఆర్ఎమ్ -ఎఫ్' రాసి, ఖాళీ ఇచ్చి, చుక్క, పెద్ద ఎక్స్, ఆపైన చిన్నక్షరాల్లో అథారిటీ అని కొట్టండి. ఈసారి లాగిన్ అయినప్పుడు అది కొత్తగా తయారవుతుంది. కంట్రోల్-ఆల్ట్-ఎఫ్7తో లాగిన్ తెరకి తిరిగి రండి.

గ్రబ్ దాకా కూడా రాకపోతే

'నో బూటబుల్ డివైస్' అని వస్తే ముందు బయోస్‌లోకి వెళ్లి హార్డ్‌డిస్కు పేరు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే డిస్కుని ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టడమే మొదటి మందు. కనిపిస్తూ, తేదీ మాత్రం ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంటే బయోస్ బ్యాటరీ అయిపోయింది. చాలా ల్యాప్‌టాప్‌లలో అది సీఆర్2032 నాణెం బ్యాటరీ, కొన్నిటిలో దానికి చిన్న వైరు అతికి ఉంటుంది. అది చచ్చిపోతే బూట్ సెట్టింగులు మొదటికొస్తాయి. యూఈఎఫ్ఐ, లెగసీ (పాత బయోస్ పద్ధతి) తారుమారవుతాయి. మీరు ఇన్‌స్టాల్ చేసిన పద్ధతికి తిరిగి మార్చండి చాలు.

ఏసర్ ల్యాప్‌టాప్‌లలో ఒక మెలిక ఉంది. బయోస్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టాకే, యూఈఎఫ్ఐ ఫైలుని నమ్మదగినదిగా ఎంచుకునే వరుస తెరుచుకుంటుంది. ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి.

అన్నీ సరిగ్గా ఉన్నా గ్రబ్ రాకపోతే మింట్ పెన్‌డ్రైవ్‌తో లైవ్ సెషన్‌లోకి (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే మింట్‌లోకి) వెళ్లి, ఇంటర్నెట్ తగిలించి, మెనూలో 'బూట్ రిపేర్' తెరిచి సిఫారసు చేసిన రిపేరు నొక్కండి. ఒక జాగ్రత్త: మింట్ ఏ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయిందో పెన్‌డ్రైవ్ కూడా అదే పద్ధతిలో బూట్ కావాలి. లైవ్ సెషన్‌లో 'సిస్' ఫోల్డర్‌లోని 'ఫర్మ్‌వేర్'లో 'ఈఎఫ్ఐ' అనే ఫోల్డర్ కనిపిస్తే మీరు యూఈఎఫ్ఐలో ఉన్నట్టు.

మరీ పాత మెషీన్‌లో, ఈ కర్నెల్‌కి ఎక్స్86-64 ప్రాసెసర్ కావాలి, ఐ686 మాత్రమే దొరికిందని సందేశం వస్తే అక్కడ చేసేదేమీ లేదు. మీది 32 బిట్ ప్రాసెసర్. ఇంకో రకం లైనక్స్ అయిన డెబియన్ 12 దానికి పనికొస్తుంది. డెబియన్ 13 నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ ఎత్తేశారు.

ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ ప్రాంప్ట్ దగ్గర ఆగితే

బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌ని నేరుగా ప్లగ్ మీదే నడిపే ఇళ్లలో ఇది తరచూ ఎదురవుతుంది. కరెంటు పోయినప్పుడల్లా ఫైల్ సిస్టమ్ సగం రాతలో తెగిపోతుంది. తెర మీద పైన, ఏ పార్టిషన్‌ని (డిస్కులోని భాగాన్ని) చేత్తో ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ని సరిచూసి బాగుచేసే కమాండ్) చేయాలో రాసి ఉంటుంది. ఉదాహరణకి అది ఎస్‌డీఏ2 అనుకుంటే:

ఎఫ్ఎస్‌సీకే -వై /డెవ్/ఎస్‌డీఏ2

పని పూర్తయ్యాక 'ఎగ్జిట్' కొట్టండి. డిస్కులో విలువైనవి ఉండి, లోపల కటకటమని శబ్దం వస్తుంటే మాత్రం ఎఫ్ఎస్‌సీకే చేయకండి. ముందు పెన్‌డ్రైవ్‌తో లేపి ఫైళ్లు బయటికి తీసుకోండి.

లేచాక 'డిస్క్స్' ప్రోగ్రామ్‌లో స్మార్ట్ డేటా తెరవండి. 'రీఅలొకేటెడ్ సెక్టార్', 'పెండింగ్ సెక్టార్' వరుసల్లో అంకె సున్నా కాకుండా వారం వారం పెరుగుతుంటే డిస్కు మార్చాల్సిందే.

'ఎమర్జెన్సీ మోడ్' అనే తెర వేరే. మీరు తీసేసిన పార్టిషన్ పేరు 'ఎఫ్ఎస్‌టాబ్' (బూట్‌లో తగిలించాల్సిన పార్టిషన్ల జాబితా) ఫైల్లో మిగిలిపోతే, సిస్టమ్ దాని కోసం 90 సెకన్లు ఎదురుచూసి అక్కడ పడుతుంది. ఎంటర్ కొట్టి, 'నానో /ఈటీసీ/ఎఫ్ఎస్‌టాబ్' తెరిచి, ఆ వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టి సేవ్ చేసి రీస్టార్ట్ చేయండి.

పని చేస్తుండగా బిగుసుకుపోతే

పవర్ బటన్ పట్టుకుని చంపేముందు ఇది చేయండి: ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ పట్టుకుని ఎస్, యు, బి అక్షరాలు ఒక్కొక్కటి రెండు సెకన్ల తేడాతో నొక్కండి. డిస్కులో రాయాల్సినవి రాసి, దాన్ని తాళం వేసి, రీబూట్ చేస్తుంది. పైన చెప్పిన ఎఫ్ఎస్‌సీకే అవసరం చాలాసార్లు రాకుండా పోతుంది.

లేచాక 'జర్నల్‌సీటీఎల్ -బి -1 -పి ఈఆర్ఆర్' కొడితే కిందటి బూట్‌లో వచ్చిన తప్పులు కనిపిస్తాయి. అందులో నూవో, ఐ915, రేడియాన్ పేర్లుంటే గ్రాఫిక్స్ వైపు, 'ఏటీఏ' అంటూ వరుసలుంటే డిస్కు వైపు చూడండి. ఏమీ లేకుండా వేడెక్కాకే ఆగుతుంటే ఫ్యానులో దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ మార్పించండి.

అంతా కుదురుకున్న రోజునే టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్ తీయండి, పాతవి రెండు మూడు మాత్రమే ఉంచేలా పెట్టుకోండి. పనిచేసిన కర్నెల్‌ని తీసేయకండి. ఎవరినైనా సాయం అడగాల్సి వస్తే 'లైనక్స్ లేవట్లేదు' అని ఊరుకోకుండా, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో వచ్చే వివరాలు కాపీ చేసి, బూట్ ఆగిన తెర ఫోటో జత చేసి, ఏ మార్పు తర్వాత మొదలైందో ఒక్క వాక్యంలో రాయండి.